గడ్డి మందు కొడుతుంటే పంపు కారి నాన్న వీపంతా తడిసింది, ఆస్పత్రికి తీసుకెళ్ళాలా?

పత్తిచేను_పరకాల:

అందరికీ నమస్తే. మాది పరకాల దగ్గర, నల్లరేగడి, పత్తి. ఈసారి వాన వదలకుండా పట్టుకోవడంతో గుంటుక తోలే సందే దొరకలేదు, సాళ్ళ మధ్య గడ్డి మోకాలి దాకా లేచింది, కలుపు తీయడానికి కూలీలు దొరకడం లేదు, దొరికినా వాళ్ళడిగే కూలి మా వల్ల కాదు. నాన్న షాపులో అడిగితే పారాక్వాట్ 24 శాతం డబ్బా చేతిలో పెట్టారు. మా వైపు దీన్ని అందరూ గడ్డి మందు అనే అంటారు.

నిన్న పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నాన్నే కొట్టారు. పంపు పాతది, మూత దగ్గర వాషర్ అరిగిపోయింది, వంగినప్పుడల్లా మందు నీళ్ళు కారతాయి. చొక్కా వెనకంతా, నడుము దాకా తడిసిపోయింది. ఆ తడి బట్టలతోనే పనంతా కానిచ్చి, ఇంటికొచ్చాక స్నానం చేశారు. రాత్రి నుంచి వీపు మీద పంపు ఆనిన చోట అరచేయంత మేర ఎర్రగా కమిలి మంట పుడుతోందంటున్నారు. పొద్దున ముక్కు నుంచి కొద్దిగా రక్తం కూడా వచ్చింది, ఆయనేమో ఎండకు వచ్చిందిలే అంటున్నారు. పోయిన నెల పొలం గట్ల మీద కూడా ఇదే మందు కొట్టారు, అప్పటి నుంచి కుడి చేతి గోళ్ళు మొదళ్ళలో తెల్లబడ్డాయి. మందు కలిపేటప్పుడు చేతికి ఏమీ వేసుకోరు.

అమ్మ కొబ్బరి నూనె రాస్తోంది. ఇది దానికదే తగ్గేదా, ఆస్పత్రికి తీసుకెళ్ళాలా? ఇంకా రెండెకరాలు మిగిలింది, రేపు మళ్ళీ కొడతానంటున్నారు. ఇంకో సంగతి, పక్క చేను బాబాయికి ఇద్దామని సగం మందు ఒక కూల్‌డ్రింక్ సీసాలో పోసి పశువుల కొట్టంలో పెట్టారు. ఇంట్లో అక్క పిల్లలు ఉన్నారు. నాకు చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

వార్డు_డాక్టర్:

తమ్ముడూ, ముందు ఆ కూల్‌డ్రింక్ సీసా సంగతి చూడు. ఈ మెసేజ్ మిగతాది తర్వాత చదువు. చేతులకు రబ్బరు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు పెట్టుకుని, సీసాలోది తిరిగి దాని అసలు డబ్బాలోనే పోసి, మూత బిగించి, తాళం ఉన్న చోట పెట్టు. ఆ సీసాను కోసెయ్, ఇక దేనికీ వాడొద్దు. నేను ప్రభుత్వ ఆస్పత్రి మెడిసిన్ వార్డులో పనిచేస్తాను. చీకట్లో దాహమేసి, కూల్‌డ్రింక్ అనుకుని ఒక్క గుటక వేసి వెంటనే ఉమ్మేసినవాళ్ళను కూడా చేర్చుకున్నాం. ఉమ్మేశాను కదా అని వాళ్ళు ధైర్యంగానే ఉంటారు. ఈ మందుకు ఆ గుటకలో కొద్దిగా లోపలికి జారినా చాలు.

ఇక నాన్న గారి సంగతి. ఇవాళే తీసుకెళ్ళు, రేపటిదాకా ఆగొద్దు. మామూలుగా గాయాల్లేని చర్మం గుండా ఇది లోపలికి వెళ్ళేది తక్కువే. కానీ గంటల తరబడి తడి బట్ట ఒంటికి అంటుకుని ఉంటే ఆ మందే చర్మాన్ని కాలుస్తుంది, కాలిన చోటు నుంచి లోపలికి దిగడం ఎక్కువవుతుంది. పంపు బెల్టు ఒరుసుకుని చర్మం లేచిన చోట అయితే ఇంకా తేలిక. ఇలా కారే పంపు మోసి, ఒక్క చుక్క కూడా మింగకుండానే ప్రాణం మీదికి తెచ్చుకున్న కేసులు వైద్య పుస్తకాల్లో ఉన్నాయి. నాన్న గారికి అలాగే అవుతుందని చెప్పడం లేదు, ఆ అవకాశం లేదని రక్త పరీక్ష చూసి తేల్చుకోవాలి అంటున్నాను.

నూనె రాయొద్దు, ఉన్నది సబ్బుతో మెల్లగా కడిగెయ్. పీచు పెట్టి రుద్దొద్దు, రుద్దితే చర్మం ఇంకా లేస్తుంది. కారే నీళ్ళ కింద కనీసం పావుగంట కడగాలి. నిన్నటి చొక్కా, లుంగీ మిగతా బట్టలతో కలిపి ఉతకొద్దు, అమ్మ వట్టి చేతులతో పట్టుకోవద్దు. ఆస్పత్రిలో మందు పేరు స్పష్టంగా పారాక్వాట్ అని చెప్పు, డబ్బా మీది లేబుల్ ఫోటో తీసి చూపించు. ఎందుకంటే మన దగ్గర గడ్డి మందు అంటే గ్లైఫోసేట్ కావచ్చు, 2,4-డి కావచ్చు, ఇది కావచ్చు, మూడింటికీ వైద్యం ఒకటి కాదు. కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్త పరీక్ష చేయిస్తారు, వేలికి క్లిప్పు పెట్టి ఆక్సిజన్ చూస్తారు, వీలుంటే మూత్రంలో డైథయొనైట్ పరీక్ష చేస్తారు, మూత్రంలో పారాక్వాట్ ఉంటే రంగు నీలంగా మారుతుంది. ఒకసారి బాగుందని వదిలేయకుండా రెండు మూడు రోజులకు క్రియాటినిన్ మళ్ళీ చేయించండి. మూత్రం తగ్గినా, పొడి దగ్గు మొదలైనా, నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చినా ఆలస్యం చేయొద్దు.

గోళ్ళు తెల్లబడటం చిక్కటి మందు వేళ్ళకు తగలడం వల్ల. ముక్కులో రక్తం ఆ తుంపర ముక్కులోపలి పొరను ఒరిసేయడం వల్ల. రెండూ మందు తగలడం ఆపితే మెల్లగా సర్దుకుంటాయి. రేపు మాత్రం ఆయన పంపు ఎత్తుకోకూడదు, వీపు పూర్తిగా మానేదాకా అసలు వద్దు.

ఏరువాక_రైతన్న:

డాక్టర్ గారు చెప్పినట్టు ముందు ఆస్పత్రికి పో తమ్మీ. పంపు గురించి నేను చెప్తా.

వాషర్ ఖరీదు ఎంత, మహా అయితే టీ తాగినంత. పంపు షాపులో దొరుకుతుంది. మందు పోసే ముందు ట్యాంకు నిండా వట్టి నీళ్ళు నింపి, మూత బిగించి, వంచి చూడాలి. మూత, కింద గొట్టం బిగించే చోటు, చేతి దగ్గర ట్రిగ్గర్, ఎక్కువగా ఈ మూడు చోట్లే కారేది. ట్రిగ్గర్ కారితే చేయంతా తడుస్తుంది, జనం దాన్ని చెమట అనుకుంటారు. కారే పంపుకు గుడ్డ చుట్టి కొట్టేవాళ్ళను చూశా, ఆ గుడ్డే మందు పీల్చుకుని ఒంటికి ఒత్తుకుంటది. యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవర్ శుభ్రంగా కడిగి వీపుకూ పంపుకూ మధ్య కట్టుకుంటే ఎంతో నయం.

అసలు ప్రమాదం కలిపేటప్పుడే. ట్యాంకులో ఉన్నది పలచన నీళ్ళు, డబ్బాలో ఉన్నది చిక్కటి మందు. సీల్ తీసేటప్పుడు డబ్బా నొక్కితే చిందుతుంది, కంట్లో పడితే వెంటనే పెద్దగా మంట లేకపోయినా మర్నాటికి గుడ్డు మీద పొర లేచిపోతది. కాబట్టి కలిపేటప్పుడు అద్దాలు, మోచేతి దాకా గ్లౌజులు ఉండాలి. మూతి దగ్గర కండువా కట్టుకుని అంతా అయిపోయింది అనుకుంటారు చాలా మంది, ఆ కండువా తడిస్తే అదే మందును మూతికి పట్టుకుని ఉంటది.

నాజిల్‌లో నలక ఇరుక్కుంటే నోటితో ఊదే అలవాటు మన దగ్గర అందరికీ ఉంది. ఈ మందుతో మాత్రం చచ్చినా ఆ పని చేయొద్దు. జేబులో ఒక పాత టూత్‌బ్రష్ పెట్టుకోండి. బీడీ, గుట్కా, తంబాకు చేతులు కడిగేదాకా ముట్టొద్దు.

నీళ్ళ సంగతి కూడా చెప్తా. కుంటలో ఎర్ర నీళ్ళు, బురద నీళ్ళు ముంచి కలిపితే ఈ మందు పనిచేయదు, మట్టి దీన్ని పట్టేసుకుంటది. చానా మంది ఇది తెలియక, మందు నకిలీది అనుకుని, మర్నాడు రెట్టింపు పోసి మళ్ళీ కొడతారు. బోరు నీళ్ళతో కలపండి.

గోదావరి_గట్టు:

అందరూ మరీ భయపెట్టేస్తున్నారు. నేను ఎన్నో ఏళ్ళుగా గట్ల మీద, కొబ్బరి తోటలో ఇదే కొడుతున్నాను, నాకేం కాలేదు. డబ్బా మీద ఉన్నది పసుపు ముద్రే, ఎరుపు కాదు. మోనోక్రోటోఫాస్ మీద ఎర్ర ముద్ర ఉంటుంది, దాన్ని మిర్చికి, పత్తికి జనం వాడలేదా? ఇది నేలలో పడితే వెంటనే చచ్చిపోతుంది, భూమికి కూడా చెడు చేయదు. కూలీలు దొరక్క రైతు చస్తుంటే ఉన్న ఒక్క చవక మందును కూడా లాగేస్తే ఎలా? జాగ్రత్తగా కొట్టుకుంటే సరిపోతుంది కదా.

వార్డు_డాక్టర్:

అన్నా, కూలీల కష్టం నిజం, దాన్ని కాదనను. పసుపు ముద్ర దగ్గర మాత్రం ఒప్పుకోలేను.

ఆ నాలుగు రంగులు, ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఎలుకలకు మందు తాగించి ఎంత మోతాదుకు సగం చచ్చాయో చూసి ఇచ్చినవి. దాన్ని బట్టి ఎరుపు మొదటిది, పసుపు రెండోది. మనిషి తాగాక వైద్యం ఉందా లేదా అన్న ప్రశ్న ఆ రంగులో లేదు. మోనో తాగినవాళ్ళు స్పృహ లేకుండా, నోట్లో నురగతో వస్తారు, చూస్తే ఇక బతకరు అనిపిస్తుంది. దానికి విరుగుడైన అట్రోపిన్ ఎక్కించి, వెంటిలేటర్ మీద పెట్టి, వాళ్ళలో చాలా మందిని నడిపించి ఇంటికి పంపిస్తాం. పారాక్వాట్ తాగినవాళ్ళు తమంతట తామే నడిచి వస్తారు, మాట్లాడతారు, ఏమీ కాలేదు ఇంటికి పంపించమంటారు. నోట్లో, గొంతులో మంట, నాలుక మీద పొర ఊడటం, అంతే కనిపించేది. రెండు మూడు రోజులకు కిడ్నీలు దెబ్బతింటాయి. తర్వాత వారం, రెండు మూడు వారాల్లో ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. దీనికి విరుగుడు లేదు. ప్రపంచంలో ఎక్కడా లేదు.

ఆకులో ఇది చేసే పనే మన ఊపిరితిత్తుల్లోనూ చేస్తుంది. ఎండ తగిలిన ఆకులో ఆక్సిజన్‌ను పట్టుకుని కణాలను కాల్చే రూపంలోకి మారుస్తుంది, అందుకే కొట్టిన కొన్ని గంటల్లోనే గడ్డి మాడుతుంది. మనిషిలో ఊపిరితిత్తుల కణాలు దీన్ని రక్తంలోంచి తమలోకి లాక్కుంటాయి, అక్కడ ఆక్సిజన్‌కు కొదవ లేదు కదా. అందుకే ఈ రోగికి మామూలుగా ఇచ్చినట్టు ఆక్సిజన్ ఇవ్వం, మరీ పడిపోతేనే, చాలినంతే ఇస్తాం. ఇది బయట నిలబడ్డ తల్లిదండ్రులకు ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ చేతకాదు. బిడ్డకు ఊపిరాడటం లేదు, మాస్కు పెట్టండి అని కాళ్ళు పట్టుకుంటారు.

కాబట్టి ఎవరైనా పొరపాటున మింగితే, ఎంత కొంచెమైనా, ఎంత బాగా కనిపిస్తున్నా, వెంటనే 108 పిలవండి. ఉప్పు నీళ్ళు, సబ్బు నీళ్ళు తాగించి కక్కించొద్దు, మళ్ళీ గొంతు కాలుతుంది, ఊపిరితిత్తుల్లోకీ పోతుంది. ఆస్పత్రిలో చేసే మొదటి పని బొగ్గు పొడి తాగించడం, మొదటి గంట రెండు గంటల్లో ఇస్తేనే దానికి విలువ. రక్తాన్ని శుద్ధి చేసే హీమోపెర్ఫ్యూజన్ కూడా తొందరగా చేస్తేనే కాస్త ఉపయోగం.

ఇంకొకటి చెప్పక తప్పదు. మా వార్డులోకి ఈ మందుతో వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది పొలంలో ప్రమాదం వల్ల రారు. ఇంట్లో గొడవ, అప్పు, పరీక్ష, ఆ కోపంలో చేతికందినది. సాయంత్రానికి కోపం పోతుంది, బతకాలని ఉంటుంది, మందు మాత్రం వదలదు. ఆ క్షణంలో అది ఇంట్లో లేకపోతే చాలు, చాలా మంది బతుకుతారు. దక్షిణ కొరియా 2011-12లో పారాక్వాట్ ఆపేసింది, ఆ తర్వాత పురుగుమందులు తాగి చనిపోయేవాళ్ళు బాగా తగ్గారు, పంట దిగుబడి మీద ప్రభావం కనిపించలేదు. అందుకే నేను జాగ్రత్తగా కొట్టుకోండి అనడంతో ఆగలేను, ఇంట్లో పెట్టొద్దు, ఆ రోజుకు కావలసినంతే చిన్న డబ్బా కొనండి అంటాను. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరికైనా మనసు బాగా లేకపోతే, టెలిమానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

ఏజీ_బీఎస్సీ:

గోదావరి_గట్టు అన్నా, నేలలో పని చేయదన్నది నిజమే, బంకమట్టి దీన్ని గట్టిగా పట్టేసుకుంటుంది, అందుకే పైరు వేళ్ళకు దెబ్బ తగలదు. నేలలో పని చేయకపోవడానికీ మనిషి లోపల ఏం చేస్తుందన్నదానికీ మాత్రం సంబంధం లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి లేదు, చైనా 2016లో నీళ్ళ మందు అమ్మకం ఆపేసింది, థాయ్‌లాండ్ 2020లో ఆపింది. ఇక్కడ కేరళ 2011లోనే నిషేధించింది. ఈ చోట్లన్నిటా రైతులు గడ్డితో వ్యవసాయం చేస్తూనే ఉన్నారు.

పరకాల తమ్ముడికి అసలు విషయం చెప్పాలి. మోకాలి దాకా లేచిన గడ్డికి ఈ మందు డబ్బు దండగ. పారాక్వాట్ తగిలిన ఆకునే మాడుస్తుంది, వేరులోకి దిగదు. పైన ఎండినట్టు కనిపిస్తుంది, గరిక, తుంగ అయితే కింద వేళ్ళు, గడ్డలు చెక్కుచెదరవు, రెండు వారాల్లో మళ్ళీ పచ్చగా లేస్తాయి. లేత గడ్డి మీదే దీని పని. పత్తికి లేబుల్ మీద ఉన్నది హెక్టారుకు 1.25 నుంచి 2 లీటర్లు, అంటే ఎకరాకు 500 నుంచి 800 మి.లీ., 200 లీటర్ల నీళ్ళలో, అదీ సాళ్ళ మధ్య, నాజిల్‌కు హుడ్ తొడిగి, పత్తి ఆకుకు తగలకుండా. షాపులో ట్యాంకుకు ఇన్ని మూతలు అని చెప్పే లెక్క పట్టుకోవద్దు, ట్యాంకు ఎంతదో, ఎకరాకు ఎన్ని ట్యాంకులు పడుతున్నాయో మీరే లెక్క కట్టుకోవాలి.

మిగిలిన రెండెకరాలకు నా సలహా, బ్రష్ కట్టర్ అద్దెకు తీసుకుని కోయించండి, నేల ఆరగానే గుంటుక తోలండి లేదా పవర్ వీడర్ పెట్టండి. వచ్చే ఏడు మాత్రం గడ్డి ఇంత దాకా రానివ్వొద్దు. విత్తిన ఒకటి రెండు రోజుల్లో, నేలలో పదును (తడి) ఉండగా, పెండిమెథాలిన్ 30 శాతం కొట్టండి, గింజ మొలవకుండా చూస్తుంది. తర్వాత 20-25 రోజులకు, కలుపు రెండు మూడు ఆకుల మీద ఉన్నప్పుడు, గడ్డి జాతికి క్విజలోఫాప్ ఇథైల్ 5 శాతం ఎకరాకు 400 మి.లీ., వెడల్పాకు కలుపుకు పైరిథయోబాక్ సోడియం 10 శాతం 250 మి.లీ. ఇవి పత్తి మీద పడినా పైరుకు ఇబ్బంది లేదు. ఇవీ మందులే, గ్లౌజులు వీటికీ కావాలి, కానీ వీటికి పారాక్వాట్‌తో పోలికే లేదు. వానలు ఇలాగే కుదరకపోతే ఏం చేయాలో మీ ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు చేస్తే తెలుగులో చెబుతారు.

ఇంకోటి, మందును విడిగా సీసాల్లో పోసి పంచుకోవడం మానేయండి. షాపువాళ్ళు అలా పోసి అమ్మడం చట్ట ప్రకారం నేరం, డబ్బాతో పాటు తెలుగు కరపత్రం ఇవ్వాలి, అది అడిగి తీసుకోండి. ఈ మందుకు కావాలనే ఘాటు వాసన, రంగు, వాంతి తెప్పించే పదార్థం కలుపుతారు, మనిషి పొరపాటున తాగకూడదని. కూల్‌డ్రింక్ సీసాలోకి మార్చగానే హెచ్చరిక లేబుల్ పోయినట్టే, వాసన చూసేలోపే పిల్లలు నోట్లో పెట్టేస్తారు.

పత్తిచేను_పరకాల:

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నను నిన్ననే తీసుకెళ్ళాను, క్రియాటినిన్ నార్మల్ వచ్చింది, ఆక్సిజన్ కూడా బాగుంది, పుండుకు క్రీము ఇచ్చారు, ఎల్లుండి మళ్ళీ రక్తం ఇవ్వమన్నారు. సీసా కోసేశాను. బాబాయికి కూడా ఈ మెసేజ్‌లన్నీ చదివి వినిపించాను, ఆయన వద్దన్నారు.

ఖాళీ డబ్బాలు ఏం చేయాలి? మా ఊళ్ళో వాటిని పైన కోసి నీళ్ళు ముంచుకోవడానికి వాడతారు. ఇంకోటి, నాన్న కొట్టకూడదు కాబట్టి ఊళ్ళో ట్యాంకు లెక్కన కొట్టే మనిషిని పిలుద్దామంటున్నారు. అది సరేనా?

ఏరువాక_రైతన్న:

ఖాళీ డబ్బాలో నీళ్ళు పోసి బాగా ఊపి ఆ నీళ్ళు పంపులోనే పోయాలి, ఇలా మూడుసార్లు. తర్వాత అడుగున పొడిచి బొక్క పెట్టాలి, ఇక ఎవరూ వాడుకోలేరు. కాల్చొద్దు, కాలువలో, కుంటలో పడేయొద్దు. పంపు కడిగిన నీళ్ళు కూడా చేలోనే గడ్డి మీద పోయాలి, పశువులు తాగే చోటికి పోకుండా చూడాలి.

తాడిచెట్ల_వాడ:

ట్యాంకు లెక్కన కొట్టే మనిషి గురించి నేను చెప్పాలి, మా నాన్న ఆ పనే చేస్తాడు. ఒక రైతు సీజన్‌లో నాలుగైదు రోజులు మందు ముట్టుకుంటే మా నాన్నలాంటి వాళ్ళు రోజూ ముట్టుకుంటారు. ట్యాంకుకు ఇంత అని కూలి కాబట్టి ఎంత తొందరగా కొడితే అంత డబ్బు, ఆగి చేతులు కడుక్కునే తీరిక ఉండదు. గ్లౌజులు వేసుకో నాయినా అంటే, రైతు ఇయ్యలేదు, నేను కొంటే ఇవాళ్టి కూలి దానికే పోతది అంటాడు. డబ్బాలో ఏముందో కూడా ఆయనకు చెప్పరు, చదవడం రాదు. మా వాడలో ఇద్దరు ముగ్గురికి గోళ్ళు ఊడి మళ్ళీ వచ్చాయి, అదేదో తామర అనుకుని మందులు కొనుక్కున్నారు.

అన్నా, మీ నాన్న వీపు కమిలింది కాబట్టి ఇంకొకరిని పిలుస్తున్నారు, ఆ వచ్చేది కూడా ఎవరో ఒకరి నాన్నే. ఏజీ అన్న చెప్పినట్టు కోయించడమే మంచిది. అయినా కొట్టించాల్సి వస్తే కారని పంపు మీదే ఇవ్వండి, గ్లౌజులు, అద్దాలు, వీపుకు కవరు మీరే కొనివ్వండి, మందు పేరు నోటితో చెప్పండి, చేను దగ్గర ఒక బిందె మంచి నీళ్ళు, సబ్బు పెట్టండి. ట్యాంకు లెక్క కాకుండా రోజు కూలి మాట్లాడండి, అప్పుడు ఉరకడు. గాలి లేనప్పుడే కొట్టించండి, ఎండ ముదరకముందే పని ఆపించండి. చేతి మీద పుండు, గాటు ఉంటే ఆ రోజు వద్దని పంపించండి, సగం కూలైనా చేతిలో పెట్టండి, లేకపోతే పుండు దాచుకుని వస్తాడు.

పత్తిచేను_పరకాల:

నాన్నకు ఇప్పుడే చదివి వినిపించాను చెల్లె. మిగిలిన రెండెకరాలు మందు కొట్టడం లేదు. పక్క ఊళ్ళో బ్రష్ కట్టర్ అద్దెకు ఇస్తున్నారట, శనివారానికి మాట్లాడాం. డబ్బాలో మిగిలిన మందును షాపులో తిరిగి తీసుకుంటారేమో రేపు అడుగుతాను, తీసుకోకపోతే ఏఈఓ గారికి ఫోన్ చేస్తాను, అప్పటిదాకా మోటారు గదిలో పెట్టి తాళం వేశాను, తాళంచెవి నా దగ్గరే ఉంది.